కాటన్ దొర ఆనకట్ట: లాభం ఎవరికి, ఖర్చు ఎవరిది?



జూలై వచ్చిందంటే టీవీ వార్తల్లో ధవళేశ్వరం పేరు మొదలవుతుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. నీళ్లు ఆపడానికే కదా అక్కడ అంత పెద్ద కట్ట కట్టింది, మరి వరద ఎందుకు ఆగడం లేదని మీ పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు. చాలా మంచి ప్రశ్న అది. జవాబు కావాలంటే ఆ కట్టను మొదట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ జీవితంలోకి ఒకసారి తొంగి చూడాలి. ఈ నెల 24న ఆయన వర్ధంతి.

నదుల మీద డ్యామ్‌లు కట్టడం మంచిదా, చెడ్డదా అని వ్యాసం రాయమంటే పిల్లలు పేజీ మధ్యలో గీత గీసి, ఒక పక్క లాభాలు, మరో పక్క నష్టాలు రాసుకొస్తారు. మార్కులు కూడా బాగానే వస్తాయి. ఆ పట్టికలో సాధారణంగా కనబడని వరుస మరొకటి ఉంది. ఎక్కడ, ఎవరికి అన్నదే ఆ వరుస. కాటన్ జీవితం దాన్ని నింపడానికి బాగా పనికొస్తుంది.

పదిహేనేళ్లకే సైనిక విద్య

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఒకడు. ఈస్టిండియా కంపెనీ తన సైన్యానికి కావలసిన అధికారులను తయారు చేసుకోవడానికి ఆడిస్కోంబ్‌లో ఒక సైనిక విద్యాలయం నడిపేది. పదిహేనో ఏట అక్కడ చేరి, 1819లో ఇంజనీరుగా ఉద్యోగం సంపాదించాడు. 1821లో మద్రాసుకు వచ్చేసరికి వయసు పద్దెనిమిది. అంటే నేటి మన పిల్లలు ఇంటర్ పూర్తి చేసే వయసు.

మొదట్లో రామేశ్వరం దగ్గర పంబన్ జలసంధి పనుల్లో ఉన్నాడు. బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత తంజావూరు ప్రాంతానికి నీళ్లిచ్చే కావేరి పనులు అప్పగించారు. ఆయన అసలు చదువు అక్కడే మొదలైంది.

కావేరి నేర్పిన పాఠం

కావేరి మీద కల్లణై అనే పాత కట్ట ఉంది. కరికాల చోళుడు కట్టించాడని ప్రసిద్ధి. ఇసుక మీద రాళ్లు పేర్చి కట్టిన ఆ కట్ట వందల ఏళ్లుగా వరదలకు నిలబడింది. లోతుగా రాతి పొర తగిలేదాకా తవ్వి పునాది వేస్తే తప్ప నదికి అడ్డంగా కట్టడం నిలవదన్నది ఆనాటి ఐరోపా ఇంజనీర్ల నమ్మకం. కల్లణైని పరిశీలించిన కాటన్, ఇసుక నేల మీద కూడా కట్ట నిలబెట్టవచ్చని గ్రహించాడు. ఇంగ్లీషులో వాడే అనికట్ అన్న మాట కూడా తమిళం నుంచి వెళ్లిందే. మన ఆనకట్టకు అది చుట్టమే.

అప్పట్లో కావేరి నీరు చాలా భాగం కొల్లిడం అనే పాయలోకి జారిపోయేది. తంజావూరు పొలాలకు పోయే పాయ పూడిపోతూ ఉండేది. 1836 నుంచి కాటన్ కొల్లిడం మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టించాడు. తంజావూరుకు నీళ్లందాయి. కొన్నేళ్లు గడిచేసరికి కథ తిరగబడింది. ఈసారి కావేరి పాయలోకి నీరు ఎక్కువై, దాన్ని అదుపు చేయడానికి 1840ల్లో మళ్లీ సరిదిద్దే పనులు చేయవలసి వచ్చింది. నదిని ఒకచోట ముట్టుకుంటే అది ఇంకోచోట కదులుతుందని ఆ తరం ఇంజనీర్లు అక్కడ కళ్లారా చూశారు.

గోదావరి పక్కనే ఆకలి

ఆ కాలంలో గోదావరి జిల్లా పచ్చని కోనసీమ ఏమీ కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకు గుంటూరు సీమ నుంచి ఉత్తరాన ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1839లో కోరంగి తీరాన్ని పెద్ద తుఫాను ముంచేసింది. ఇంగ్లండ్ మిల్లు బట్టల దెబ్బకు నేతపని అప్పటికే కుదేలైంది. 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1840ల నాటికి అయిదున్నర లక్షల దగ్గరకు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది పారుతుంటే జనం ఆకలితో చనిపోయారు. వరద వస్తే పొలాలు మునిగేవి. వరద తీశాక నీరంతా సముద్రానికి పోయేది. నది మట్టం పొలం మట్టం కన్నా కిందకు దిగిపోవడంతో ఆ నీరు రైతుకు అందేది కాదు.

ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్లిన కాటన్, అక్కడ టాస్మానియాలో పెళ్లి చేసుకుని తిరిగి వచ్చాడు. 1844లో గోదావరిని చూసి నివేదిక రాశాడు. నది డెల్టాలోకి అడుగుపెట్టే ధవళేశ్వరం దగ్గర కట్ట కట్టి, నీటిని కాస్త పైకి లేపితే చాలు, ఆ నీరు దానంతటదే కాలువల్లోకి పారుతుందన్నది అందులోని సారాంశం. 1846 చివర్లో లండన్‌లోని కంపెనీ పెద్దలు ఒప్పుకున్నారు. వాళ్ల ఒప్పుదల వెనుక జాలి ఒక్కటే లేదు. జనం లేని జిల్లాలో పన్ను వసూలు కాదు. నీరొస్తే శిస్తు పెరుగుతుందన్న లెక్క వాళ్లకు బాగా అర్థమైంది.

అయిదేళ్ల పని

1847లో పని మొదలైంది. నది అక్కడ లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్ల వెడల్పు. లంకల మధ్య పాయలకు అడ్డంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టారు. కల్లణైలో నేర్చుకున్నట్టే ఇసుకలో లోతు తక్కువ బావులు దింపి, వాటి మీద రాతికట్టు లేపి, దిగువన బండరాళ్లు పరిచారు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. ఎత్తు సుమారు 12 అడుగులు.

కాటన్ అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్నవాళ్లలో కుర్రవాళ్లే ఎక్కువ. భార్యాబిడ్డలతో ధవళేశ్వరంలోనే ఉండి పని చూసుకున్నాడు. వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కూలీలను కూడగట్టి, వాళ్లకూ దొరలకూ మధ్య పని సాగేలా చూశాడు. ఎండలో రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు. 1848లో కాటన్ ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని సెలవు మీద వెళితే, ఆయన స్థానంలో ఓర్ అనే అధికారి పని నడిపించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కోనసీమ లంకలకు కాలువను నది పాయ మీదుగా దాటించడానికి హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టాడు. ఆ తర్వాత ఓర్ ఆధ్వర్యంలోనే కృష్ణ మీద విజయవాడ దగ్గర ఇలాంటి ఆనకట్ట లేచింది.

ఆనకట్ట వేరు, డ్యామ్ వేరు

మీ పిల్లల ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. డ్యామ్ నీటిని నిల్వ చేస్తుంది. ఎత్తైన గోడ వెనుక లోయంతా నిండి జలాశయం అవుతుంది. కొంత వరదను పట్టి ఉంచగలదు, వేసవికి దాచగలదు, కరెంటు తీయగలదు. అందుకు బదులుగా ఆ లోయలోని ఊళ్లూ, పొలాలూ, అడవీ మునుగుతాయి. ఆనకట్ట నీటిని దాచదు. కొద్దిగా పైకి లేపి కాలువలోకి మళ్లిస్తుంది. మిగిలింది కట్ట దాటి సముద్రానికి పోతుంది. అందువల్ల పెద్దగా ఊళ్లు మునగవు. అదే కారణంగా వరదను ఆపే శక్తి కూడా దానికి లేదు.

పాత ఆనకట్ట శిథిలమవుతుండగా దాని స్థానంలో 1970 నుంచి 1982 దాకా 175 గేట్లతో బ్యారేజీ కట్టి దానికి కాటన్ పేరు పెట్టారు. 1986 ఆగస్టులో ఆ బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కుల వరద పారింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. ఆ రోజు గేట్లన్నీ ఎత్తేయడం తప్ప చేయగలిగింది లేదు. గట్లు తెగి లంకలూ, ఊళ్లూ నీట మునిగాయి.

లాభాల పద్దు

ఆనకట్ట చేసిన మేలు ఎంతో 1876-78లో తెలిసింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు దక్షిణాదిన లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడాయి. అదే సమయంలో గోదావరి, కృష్ణా డెల్టాలు పంట పండించడమే కాదు, బయటి ప్రాంతాలకు ధాన్యం పంపాయి. నలభై అయిదేళ్ల క్రితం ఊళ్లు ఖాళీ అయిన నేలే అది.

కాలువలు రోడ్లుగా కూడా పనికొచ్చాయి. రాజమండ్రి నుంచి కాకినాడ దాకా పడవల మీద ధాన్యం, మనుషులు ప్రయాణించారు. లాకులు అన్న మాట గోదావరి జిల్లాల్లో నేటికీ ఊరి గుర్తుగా నిలిచింది. వ్యవసాయంలో మిగిలిన డబ్బు బడులుగా, కాలేజీలుగా, రైసు మిల్లులుగా, తర్వాతి తరాల పెద్ద చదువులుగా మారింది. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరి తాతముత్తాతల చదువుల ఫీజులు ఆ కాలువ నీటి నుంచే వచ్చి ఉంటాయి. బ్యారేజీ కింద ఇప్పుడు దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఊరూరా కాటన్ విగ్రహాలు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

అదే ఆలోచన, కర్నూలులో

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పుస్తకాలు త్వరగా దాటేసే ఘట్టం మరొకటుంది. గోదావరి విజయం చూసి తుంగభద్ర మీద కూడా అలాంటి పని చేయాలని కాటన్ గట్టిగా వాదించాడు. ప్రభుత్వ డబ్బు కోసం ఎదురుచూడకుండా లండన్‌లో వాటాలు అమ్మి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెట్టారు. వాటాదారులకు 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వారు. అదే నేటి కేసీ కెనాల్.

లెక్క తప్పింది. గోదావరి డెల్టా చదునైన ఒండ్రు నేల. కాలువ తవ్వితే చాలు, నీరు పారుతుంది. కర్నూలులో వాగులూ, మిట్టలూ, రాళ్లూ దాటాలి. ఖర్చు అంచనాలను మించిపోయింది. నల్లరేగడి రైతు జొన్నకూ పత్తికీ అలవాటు పడ్డాడు. ఆ నేల వాన తేమను పట్టి ఉంచుతుంది. వానలు పడిన ఏడాది కాలువ నీటికి డబ్బు కట్టవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవలసి వచ్చింది. హామీ రాబడి మాత్రం అన్నేళ్లూ ఇక్కడి జనం కట్టిన పన్నుల్లోంచే లండన్ వాటాదారులకు వెళ్లింది.

ఇంజనీరు ఆయనే, ఆలోచన అదే. ఒకచోట వరమైంది, ఇంకోచోట భారమైంది. నేల ఎలాంటిది, రైతు ఏం పండిస్తాడు, డబ్బు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు మారగానే ఫలితం మారింది. కథ అక్కడితోనూ ఆగలేదు. అప్పట్లో నష్టాల పద్దులో పడ్డ కేసీ కెనాల్ కింద ఇవాళ 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. అంటే లాభనష్టాల లెక్క ఏ ఏడాది వేశామన్నది కూడా ముఖ్యమే.

నష్టాల పద్దు

ధవళేశ్వరంలోనూ ఖర్చు లేకపోలేదు. పులస సంగతి చూడండి. సముద్రంలో ఉండే ఈ చేప వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. ఆ ప్రయాణానికి కట్ట అడ్డం పడింది. పులస ధర ఏటా ఎందుకు వార్త అవుతుందో చెప్పేటప్పుడు దీన్ని కూడా కలిపి చెప్పాలి.

కాలువలు తవ్వినంత శ్రద్ధగా మురుగు కాలువలు తవ్వలేదు. నీరు పెట్టడం ఎంత ముఖ్యమో తీయడం కూడా అంతే ముఖ్యమని పల్లపు పొలాల రైతులకు బాగా తెలుసు. భారీ వాన పడితే వరి ఇప్పటికీ రోజుల తరబడి నీళ్లలో నానుతుంది. నది మోసుకొచ్చే ఒండ్రుతోనే డెల్టా తయారైంది. ఎగువన పెద్ద జలాశయాలు కట్టేకొద్దీ ఆ ఒండ్రు వాటిలోనే దిగిపోయి, తీరానికి చేరేది తగ్గింది. ఒండ్రు తగ్గిన తీరాన్ని సముద్రం కోసుకుపోతుంది.

ఇక అసమానత. కాలువ పల్లానికే పారుతుంది. డెల్టా పచ్చబడింది. నది ఒడ్డునే ఉన్న ఎగువ మెట్ట ప్రాంతాలకు చుక్క అందలేదు. తెలంగాణ, రాయలసీమల నీటి బాధ వెనుక, రాష్ట్రాల మధ్య నీటి తగాదాల వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

మరో పరిమితి ఉంది. ఆనకట్ట నీటిని దాచదు కాబట్టి వేసవిలో డెల్టా రెండో పంటకు సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడాలి. నిల్వ కావాలన్న ఆ అవసరమే ధవళేశ్వరానికి సుమారు 40 కిలోమీటర్ల ఎగువన పోలవరం దాకా తెచ్చింది. నిల్వ అనగానే ముంపు వస్తుంది. అక్కడ నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైగా. వారిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. అంతకుముందు శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కింద నాగార్జునకొండ లోయ, అందులోని బౌద్ధ కట్టడాల స్థలాలు నీట కలిశాయి. ముఖ్యమైన శిథిలాలను తవ్వితీసి కొండ మీద మ్యూజియంలో పెట్టారు. మునిగిపోయిన ఊరికి అలా చోటు మార్చడం అంత సులభం కాదు. ఇంటికి పరిహారం ఇవ్వవచ్చు. అడవిలో తేనె, వెదురు, పోడు నేల, గ్రామదేవత గుడి, ఊరివాళ్లంతా ఒకేచోట ఉండటం లాంటివాటికి లెక్క కట్టే పద్ధతి ఇంకా ఎవరికీ సరిగా చేతకాలేదు.

సాగర్ లేకపోతే ఎడమ, కుడి కాలువల కింద లక్షల ఎకరాలు లేవు. అదీ నిజమే. ఆ నీటితో బతికినవారూ, దాని కింద ఊరు పోగొట్టుకున్నవారూ ఒకరు కాకపోవడమే అసలు చిక్కు.

చివరి రోజులు

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండ్ వెళ్లిపోయాక కూడా ఆయన ఊరుకోలేదు. భారతదేశానికి రైళ్ల కన్నా కాలువలే ముఖ్యమని, నదులన్నింటినీ పడవ కాలువలతో కలపాలని పట్టుబట్టాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ కమిటీ ఆయన వాదనను ఒప్పుకోలేదు. కర్నూలు కాలువ నష్టాలు ఆయన మీద విమర్శకులకు ఆయుధమయ్యాయి. ముసలితనంలో డోర్కింగ్‌లోని తన ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ గడిపాడు. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవిత చరిత్ర ప్రచురించింది.

ఈ నెల పిల్లలతో

ఈ వ్యాసం చదివాక మీ ఇంట్లో ఒక పని చేసి చూడండి. వంటింటి కుళాయి నీరు ఏ నది నుంచి వస్తోందో పిల్లలతో కలిసి కనుక్కోండి. హైదరాబాద్‌లో ఉంటే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు మీ ట్యాంకులో కలుస్తూ ఉండవచ్చు. విజయవాడ అయితే ప్రకాశం బ్యారేజీ, విశాఖ అయితే ఏలేరు. తర్వాత ఆ జలాశయం కింద ఏ ఊళ్లు ఉండేవో, అక్కడివాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో వెతకమనండి. ఆ నీటితో పండే పంట ఏదో, కాలువ చివరి పొలానికి నీరు అందుతోందో లేదో అడగమనండి. డెల్టాలో మీ బంధువులుంటే అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడిగితే పుస్తకంలో లేని సంగతులు దొరుకుతాయి.

వీలైతే ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. ఆనకట్ట కట్టిన తీరు చూశాక మన పిల్లల్లో కొందరికి సివిల్ ఇంజనీరింగ్ మీద ఇష్టం పుట్టవచ్చు. అలా పుడితే సంతోషమే. రేపు నది మ్యాపు మీద వాళ్లు ఎక్కడైనా అడ్డగీత గీయాల్సి వస్తే, ఆ గీతకు ఎగువన ఎవరున్నారు, దిగువన ఎవరున్నారు అని ముందుగా వెళ్లి చూసి రావాలి. ఆ అలవాటు ఇప్పుడే, మన ఇళ్లలోనే మొదలవ్వాలి.